న్యాయ సలహా: ఇచ్చేసిన ఇల్లు, బౌన్స్ కానున్న చెక్కు

ప్రశ్న: నా వయసు 68. నాలుగేళ్ల కిందట నా ఇంటిని కొడుక్కి దాన సెటిల్‌మెంట్ చేసి రిజిస్టర్ చేయించాను. ఇప్పుడు పట్టించుకోవడం లేదు. సుప్రీంకోర్టు తీర్పుతో ఇల్లు వెనక్కి వస్తుందంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: తీర్పు ఉంది గానీ అది అందరికీ వర్తించదమ్మా. ముందు దస్తావేజు తీసి చదివించండి. చేతిలో లేకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. 'నన్ను పోషించాలి' అన్న షరతు అందులో ఉందా లేదా అన్నదే అసలు సంగతి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద, ఆ షరతు తప్పినప్పుడే ట్రిబ్యునల్ దానాన్ని రద్దు చేస్తుంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో అలాంటి షరతు పెట్టినట్టు అర్జీలో కూడా లేదు, తల్లికి ఆస్తి దక్కలేదు. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ అనే తల్లి గెలిచారు. అక్కడ కొడుకు పోషణ మాట దస్తావేజులోనూ ఉంది, అదే రోజు వేరే కాగితం మీదా సంతకం చేశాడు. ఖాళీ చేయించి ఇంటిని అప్పగించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పిందీ ఆ తీర్పే.

ఆ ట్రిబ్యునల్ అంటే ఆర్డీవోనే, మీరు అర్జీ ఇవ్వాల్సింది తిరుపతి ఆర్డీవోకు. దస్తావేజు కాపీ, ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం), వయసు రుజువు, మందుల బిల్లులు, కొడుకు రాసిచ్చిన కాగితం ఏదున్నా జతచేయండి. షరతు ఉన్న వాక్యాన్ని అర్జీలో యథాతథంగా ఎత్తి రాయండి. చాలామంది కష్టాలు పేజీలకొద్దీ రాసి, ఈ ఒక్కటీ వదిలేస్తారు. షరతే లేకపోతే నెలవారీ పోషణ ఖర్చు అడగండి, చట్టంలో దానికి గరిష్ఠం 10,000 రూపాయలు. మోసం చేసి రాయించుకున్నారంటే అది సివిల్ కోర్టు పని, మోసం తెలిసిన మూడేళ్లలోపు దావా వేయాలి.

ప్రశ్న: తోతాపురి కాయల బాకీకి వ్యాపారి 4 లక్షల చెక్కు ఇచ్చాడు. తర్వాత లక్ష నా ఖాతాలో వేశాడు. మిగతాది ఇవ్వడం లేదు. చెక్కు బ్యాంకులో వేసేయనా?
– మామిడి రైతు, బంగారుపాళెం

జవాబు: అలాగే వేస్తే కేసు నిలవదు. చెక్కు ఇచ్చాక కొంత ముట్టితే ఆ సంగతి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 56 ప్రకారం చెక్కు మీదే రాయాలని, రాయకుండా మొత్తానికి వేస్తే చెక్కు బౌన్స్ నేరానికి సంబంధించిన సెక్షన్ 138 వర్తించదని 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెక్కు మీద రాతలుంటే బ్యాంకు పేచీ పెట్టవచ్చు, కాబట్టి 3 లక్షలకు కొత్తది రాయించుకోవడం మేలు. అదీ బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అతనికి అందాక 15 రోజుల గడువు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. నోటీసులో చెక్కు మొత్తం తేడా రాకూడదు. కావేరి ప్లాస్టిక్స్ కేసులో కోటి రూపాయల చెక్కుకు రెండు కోట్లు అని పడింది, టైపింగ్ పొరపాటన్నా 2025 సెప్టెంబరులో కోర్టు ఒప్పుకోలేదు. వడ్డీ, ఖర్చులు విడిగా చూపించండి. వ్యాపారిది వేలూరైనా ఫర్వాలేదు, 2015 సవరణ తర్వాత మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు.

ప్రశ్న: విడాకుల కేసులో, చెప్పకుండా రికార్డు చేసిన ఫోన్ మాటలు చెల్లుతాయా?
– తిరుపతి పాఠకుడు

జవాబు: భార్యాభర్తల మధ్య కేసులో చెల్లుతాయి, 2025 జూలై 14 నాటి సుప్రీంకోర్టు విభోర్ గర్గ్ తీర్పు చూడండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే ఇస్తే మాత్రం చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి: మొదటి భాగం మీరు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) రాయాలి. అసలు ఫైలున్న ఫోను అమ్మకండి, రికార్డింగు కత్తిరించకండి.