రాత్రిపూట సైకిలుకు లైటు పెట్టుకోమంటే వినని పెద్దవాళ్లను ఎలా ఒప్పించాలి?

మా నాన్నగారు పొద్దు గూకిన తర్వాత పొలం నుంచి సైకిలు మీదే ఇంటికి వస్తారు, లైటు పెట్టుకోమని ఎంత చెప్పినా వినరు, ఏం చెబితే వింటారు అని మీరు అడిగారు. ఏం చెప్పినా వినరు. ఇది నిరాశతో అంటున్న మాట కాదు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలకు లెక్కలు రాస్తూ, షిఫ్టు దిగి చీకట్లో సైకిళ్ల మీద పల్లెలకు వెళ్లేవారిని ఏళ్ల తరబడి చూసిన మీదట నాకు స్థిరపడిపోయిన అభిప్రాయం ఇది. లైటు గురించి మనం చెప్పే తీరులోనే లోపం ఉంది కాబట్టి వారు వినరు.

మనం ఏమంటాం? "చీకట్లో దోవ కనపడదు, గుంతలో పడతావు, లైటు పెట్టుకో" అంటాం. ఆ మాటకు పెద్దవాళ్లు నవ్వుకుంటారు, ఎందుకంటే వారికి దోవ కనబడుతూనే ఉంటుంది. వెలుగులోంచి బయటికి వచ్చిన అర్ధగంటకు కళ్లు చీకటికి అలవాటు పడతాయి; చుక్కల వెలుగులోనే తారు అంచు, పక్కనున్న మట్టి, కల్వర్టు గోడ మసకమసకగా తెలుస్తాయి. పైగా అది ముప్పై నలభై ఏళ్లుగా తొక్కిన దోవ. తనకు రోడ్డు కనబడుతోంది కాబట్టి రోడ్డు మీద ఉన్నవారందరికీ తాను కనబడుతున్నానని ఆ మనిషి అనుకుంటాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. సైకిలు లైటు ముఖ్యంగా వెనుక నుంచి వచ్చే డ్రైవరు కళ్ల కోసమన్న సంగతి నోటితో చెబితే తలకెక్కదు. ఆ డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి చూపించాలి.

మా చిన్నాయన విషయంలో నేను చేసిన పని అదే. ఆయనకు అరవై దాటాయి, ఒక ఫ్యాక్టరీలో కటింగ్ మిషను దగ్గర పని, రెండో షిఫ్టు దిగేసరికి రాత్రి పది అవుతుంది. అక్కడి నుంచి గుత్తి రోడ్డు వైపున్న మా ఊరికి నల్లటి పాత సైకిలు మీద, చలికాలమైతే తల చుట్టూ ముదురు గోధుమ రంగు శాలువా చుట్టుకుని వస్తాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఒక మంచి లైటు కొని పంపితే అది అట్టపెట్టెతో సహా బీరువాలోకి వెళ్లిపోయింది. చిన్నమ్మ గుర్తు చేసినప్పుడల్లా ఒకటే మాట: "దోవ నాకు తెలీదా ఏంది? లైట్లేసుకుని తిరగనీకి నేనేమన్నా పెండ్లికొడుకునా?"

పండక్కి కొడుకు ఊరికి వచ్చినప్పుడు, ఒక అమావాస్య రాత్రి, షిఫ్టు దిగే వేళకు మా స్నేహితుడి పికప్ వ్యానును ఫ్యాక్టరీ గేటు బయట నిలిపాం. "ఈ పొద్దు నీ సైకిలు పిల్లోడు తెస్తాడు, నువ్వు బండెక్కు చిన్నాయనా" అని ముందు సీట్లో కూర్చోబెట్టాను. కొడుకు తండ్రి శాలువానే కప్పుకుని, తండ్రి సైకిలునే తీసుకుని ముందుగా వెళ్లి, వీధి దీపాలు అయిపోయిన చోట తారు దిగి మట్టి మీద, వెనుక చక్రం మా వైపు ఉండేలా నిలబడ్డాడు. నిలబడమన్నామే గానీ తొక్కమనలేదు, ఎందుకంటే ఇటువంటి పరీక్షలు మనుషుల ప్రాణాలతో చేయకూడదు. వ్యాను డిప్పు లైటుతో, అంటే వెలుగు కిందికి దించిన హెడ్‌లైటుతో, నలభై వేగానికి మించకుండా బయలుదేరింది. నీ సైకిలు కనబడగానే చెప్పమన్నాను. చిన్నాయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టి ముందుకు వంగి, "ఇంగా రాలేదు... ఇంగా రాలేదు" అంటూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఎడమ వైపు అద్దం పక్క నుంచి ఒక హ్యాండిలు, దాని పక్కన ఒక ముఖం వెనక్కి వెళ్లిపోయాయి. "ఓరి నీ పాసుగూల, ఈడే ఉండాడే!" అన్నాడు. అప్పటికే మేము దాటిపోయాం.

రెండోసారి అదే చోట, అదే శాలువాతో, బీరువాలోని ఆ లైటును క్యారియరు కొసకు బిగించి నిలబెట్టాం. వ్యాను మలుపు తిరిగి కల్వర్టు దగ్గరికి రాగానే చిన్నాయన వేలు చూపించి, "ఆ ఎర్రగా కనపడేది ఏందిరా, లారీ ఏమన్నా నిలబడిందా?" అని అడిగాడు. అది నీ సైకిలే అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నా మీదే విరుచుకుపడ్డాడు. "ఇట్లని ముందే చెప్పేకి నీకేం నొప్పిరా?" మేమందరం రెండేళ్లుగా ఏం చెబుతున్నామో ఆయనకు గుర్తు లేదు, గుర్తు చేసే ధైర్యం నాకూ లేదు.

లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి ఆ రాత్రి చూసినదానికి లెక్క కూడా చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ముందు ఏదో ఉందని డ్రైవరుకు తట్టి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర పట్టిందనుకుంటే 25 మీటర్లు అప్పుడే అయిపోయాయి; ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినా బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి, బండల లోడుతో ఉన్న లారీకైతే అంతకంటే చాలా ఎక్కువ కావాలి. డిప్పు వెలుగులో ముదురు రంగు బట్టల మనిషి ముప్పై నలభై మీటర్ల లోపుకు వచ్చేదాకా కనబడకపోవడం మామూలే. అంటే ఆ డ్రైవరు తాగి ఉండనక్కర్లేదు, నిద్రమత్తులో ఉండనక్కర్లేదు, బుద్ధిమంతుడై కళ్లు విప్పుకుని నడుపుతున్నా అతను చూసేసరికే ఆగే దూరం మించిపోయి ఉంటుంది. ఎదురుగా ఇంకో బండి హైబీమ్‌తో వస్తే ఆ ముప్పై మీటర్లు కూడా దక్కవు, రెండు వెలుగుల మధ్య సైకిలు పూర్తిగా మాయమవుతుంది. ఈ మధ్య మోటారు సైకిళ్లకు కంపెనీ ఇచ్చిన బల్బు తీసేసి, కళ్లు పొడిచేసే తెల్ల ఎల్‌ఈడీలు బిగించుకుని, జన్మలో డిప్పు కొట్టని కుర్రవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, గానీ వాళ్లు మారేదాకా సైకిలు మనిషి ఆగలేడు కదా.

రోడ్డు అంచునే పోతాడు కదా, లారీ వాడితో ఏం పని అనేవారూ ఉన్నారు. మన జిల్లాలో కోతల కాలంలో రోడ్డు అంచు ఎక్కడ మిగులుతుంది? కొర్రలు, జొన్నలు, ఉలవలు తారు మీదే ఆరబోసి, సాయంత్రం కుప్ప చేసి, పైన నల్లటి పట్ట కప్పి, చుట్టూ పిడికెడు పిడికెడు రాళ్లు పేర్చి ఇళ్లకు వెళ్లిపోతారు. రైతుకు కల్లం లేని కష్టం నాకు తెలుసు, కానీ ఆ కుప్పను తప్పించడానికి సైకిలు నడి రోడ్డుకు వచ్చేది సరిగ్గా వెనుక బండి హారన్ కొట్టే సమయానికే. దానికి తోడు పని ముగించుకుని రోడ్డు మీదే నిలిపిన ట్రాక్టరు ట్రాలీకి వెనుక ఒక ఎర్ర దీపం ఉండదు.

పెద్దవాళ్లు లైటంటే ముఖం తిప్పుకోవడానికి నాకు తోచిన ఇంకో కారణం డైనమో. వారి చిన్నతనంలో రాత్రిపూట దీపం లేకుండా సైకిలు తొక్కితే పోలీసులు ఆపి టైర్లలో గాలి తీసేసేవారు, కాబట్టి ఆ భయానికి డైనమో పెట్టించుకునేవారు. అది టైరుకు ఒరుసుకుంటూ గుర్రుమనేది, తొక్కుడు బరువెక్కేది, అంతా చేసి మూడు వాట్ల పసుపుపచ్చ వెలుగు ఇచ్చేది, సైకిలు ఆగగానే ఆరిపోయేది. వారి మనసులో సైకిలు లైటంటే ఇప్పటికీ అదే. బొటనవేలంత ఎల్‌ఈడీ, తొక్కినా ఆగినా వెలుగుతూ, ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి వస్తుందని చేతికిచ్చి చూపిస్తే తప్ప నమ్మరు. గాలి తీసే పోలీసులు పోయారు, డైనమోలు పోయాయి. మోటారు సైకిళ్లకేమో 2017 ఏప్రిల్ నుంచి ఇంజను స్టార్టయితే చాలు పగలైనా హెడ్‌లైటు దానంతట అదే వెలిగేలా తయారు చేయాలని ప్రభుత్వం నియమం పెట్టింది, చప్పుడు కూడా లేని సైకిలును మాత్రం చీకటికి వదిలేసింది.

ఆ మోటారు సైకిలు నియమంలో ఒక తెలివి ఉంది: లైటు వేయాలన్న సంగతి మనిషి గుర్తుంచుకోనక్కర్లేదు. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో 2004, 2005 సంవత్సరాల్లో సైకిళ్లకూ ఇదే పని చేసి చూశారు. చక్రం పుల్లలకు అయస్కాంతాలు బిగించి, బ్యాటరీ లేకుండా చక్రం తిరిగినంతసేపూ పగలూ రాత్రీ వెలిగే లైట్లు కొందరికి ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చారు. మొత్తం 3,800 మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో లైటు ఉన్నవారికి గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువగా తేలాయి. అందుకే లైటు కొనివ్వడంతో పని అయిపోదని అంటాను. తీసి జేబులో పెట్టుకునే రకం కొనకండి, రెండో వారానికి అది ఇంట్లోనే ఉండిపోతుంది, లేదా సైకిలు స్టాండులో ఎవరో ఊడదీసుకుపోతారు. నట్టు బోల్టుతో బిగించేది కొనండి. మీరే బిగించండి, ఛార్జి పెట్టే పని కూడా ఇంట్లో ఒకరు నెత్తిన వేసుకోండి.

బిగించే చోటు కూడా ముఖ్యమే. సీటు కింద బిగిస్తే శాలువా కొంగో, క్యారియరు మీది గడ్డిమోపో దాన్ని కప్పేస్తుంది, కాబట్టి వెనుక లైటు క్యారియరు చివరనో మడ్‌గార్డు మీదనో ఉండాలి. వెనుక ఎరుపు, ముందు తెలుపు ఉండాలి. ముందు లైటును కొంచెం కిందికి వంచాలి, లేకపోతే ఇందాక నేను తిట్టిన కుర్రవాళ్లకూ మనకూ తేడా ఉండదు. టపటపా కొట్టుకునే లైటు కంటిని త్వరగా లాగుతుంది గానీ, వీధి దీపాలు లేని రోడ్డు మీద అది ఎంత దూరంలో ఉందో అంచనా కట్టడానికి నిలకడగా వెలిగేదే మేలు, అందుకే పల్లె దోవకు నేను నిలకడ వెలుగే పెట్టిస్తాను.

రిఫ్లెక్టరు ఉంది కదా అని మీ నాన్నగారు అనవచ్చు. ఆ ఎర్ర బిళ్ల లోపల అద్దాల్లాంటి చిన్న చిన్న మూలలు ఉంటాయి, హెడ్‌లైటు వెలుగు వాటి మీద పడితే వచ్చిన దిక్కుకే తిరిగి వెళుతుంది. వెలుగు పడకపోతే అది ఉత్త ప్లాస్టిక్కే, పక్క సందులోంచి వచ్చే బండికి అక్కరకు రాదు. మా చిన్నాయన సైకిలు బిళ్ల మీద రాతి పిండి ఎంత గట్టిగా పేరుకుందంటే, తడిబట్టతో రుద్దిన తర్వాతే అది ఎర్రదని తెలిసింది. అయినా దాన్ని తీసేయకండి, వారానికోసారి తుడవండి, దానికి తోడు రేడియం టేపు అంటించండి. లారీలకు, ఆటోలకు రేడియం కత్తిరించే దుకాణంలో మిగిలిన ముక్కలు అడిగితే ఇరవై ముప్పై రూపాయలకు సైకిలుకు సరిపడా ఇస్తారు. ఫ్రేముకంటే ముందు పెడళ్ల అంచులకు, పెడళ్లను పట్టి ఉంచే కడ్డీలకు (క్రాంకులకు) అంటించండి, ఎందుకంటే పైకీ కిందికీ ఆడే వెలుగును చూడగానే అది తొక్కుతున్న మనిషి అని డ్రైవరు పోల్చుకుంటాడు. చిలకపచ్చ, నారింజ రంగు మెరుపు చొక్కాలు మాత్రం నమ్ముకోకండి. ఆ మెరుపు ఎండలోని అతినీల కిరణాల వల్ల వచ్చేది, రాత్రి ఉండదు. దాని మీద రేడియం పట్టీలు ఉంటేనే రాత్రి పనికొస్తుంది, లేకపోతే పాత తెల్ల పంచె కూడా దానికి తీసిపోదు.

బడి పిల్లలకు సైకిళ్లు పంచే పథకం ఏ ప్రభుత్వం తెచ్చినా, ఆ సైకిలుతో పాటే బోల్టుతో బిగించిన వెనుక లైటు ఇచ్చి తీరాలన్నది నా వాదన. ట్యూషన్ నుంచి ఏడు దాటాక వచ్చే ఆడపిల్లకు అది బుట్ట కంటే అవసరం. కానీ మీరు అడిగింది మీ నాన్నగారి గురించి. ఆయనను ఒక రాత్రి ఎవరిదైనా కారులోనో ఆటోలోనో ముందు సీట్లో కూర్చోబెట్టి పొలం దోవన తిప్పండి, ఆయన సైకిలు వద్దనుకుంటే ఆయన లాగే తొక్కే పక్క పొలం వారినైనా చూపించండి. ఆ తర్వాత ఆయన అడిగే వరకూ లైటు మాట ఎత్తకండి. ఆయనది మడ్‌గార్డు లేని కొత్త రకం గేర్ల సైకిలైతే మాత్రం, వెల్డింగ్ దుకాణంలో క్యారియరు కొసకు రెండు అంగుళాల పట్టీ ఒకటి వేయించి, దానికి రంధ్రం కొట్టించి ఉంచండి, ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడు బిగించవచ్చు.