రోడ్డు ముక్క అమ్మే ముందు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం పొలం అమ్మేద్దామంటూ నువ్వు ఫోన్‌లో చెప్పిన లెక్క రెండు రోజులు నన్ను పడుకోనివ్వలేదు. ఎకరానికి 80 లక్షలు ఇస్తామంటున్నారు, కౌలు చూస్తే ఏడాదికి 15 వేలు, అదే డబ్బు బ్యాంకులో పడేస్తే నెలకే 40 వేల వడ్డీ అన్నావు. లెక్క తప్పని నేను అనను. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండి, క్వింటాలుకు 2025-26లో గ్రేడ్ ఎ రకానికి ఇచ్చిన 2,389 మద్దతు ధర దొరికినా వచ్చేది 60 వేలే. అందులో దున్నకం, నాటు, మందులు, హార్వెస్టర్ పోను మిగిలేది నీకూ తెలుసు. చౌటుప్పల్ చుట్టుపక్కల భూమికి ధర కడుతున్నది విజయవాడ హైవే, హైదరాబాద్ చుట్టూ రాబోయే రీజనల్ రింగ్ రోడ్డు. వడ్లతో దానికి సంబంధం తెగిపోయి చాలా ఏళ్లయింది.

అయితే రోడ్డు కబురుతో పెరిగే ధర ఎట్లా ఆగిపోతుందో నేను అనుభవించాను. 2007 చివర్లో నా రెండెకరాలు అమ్ముతానని బయానా, అంటే అడ్వాన్సు, తీసుకున్నా. ఆరు నెలల గడువు. ఆ డబ్బు మా పెద్దమ్మాయి పెళ్లికి అయిపోయింది. 2008 దసరా నాటికి మార్కెట్ పడిపోయింది, కొన్నాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అగ్రిమెంట్ ఆయన చేతిలో ఉంది. ఇంకొకరికి అమ్మబోతే నోటీసు వచ్చింది. నాలుగేళ్లు ఆ పొలంలో తుమ్మ మొలిచింది. గడువు దాటితే అగ్రిమెంట్ రద్దు, బయానా సంగతి ఇదీ అని ఒక్క లైను రాయించుకుని ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. నువ్వు రాయించు. బయానా బ్యాంకు ద్వారానే తీసుకో. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు.

ధర మాట్లాడే ముందు మీ అక్కతో మాట్లాడు. అది తాత నాటి భూమి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఆడపిల్లకు సమాన వాటా చట్టం 1985 నుంచే అమలైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. కట్నం ఇచ్చాం కదా అన్న మాట అక్కడ చెల్లదు. ఎలాగూ కొనేవాడే ఆమె సంతకం కావాలంటాడు. బ్రోకర్ నోట విని తెలుసుకుంటే అక్క వస్తుంది, సంతకం పెడుతుంది, ఆ తర్వాత బతుకమ్మకు పుట్టింటికి రాదు. మన ఊళ్లో అలాంటి ఇళ్లు నాకు మూడు తెలుసు. ముందు భాగపంపకం చేసుకుని రిజిస్టర్ చేయించుకోండి. మీ అమ్మ పేరున కూడా ఎకరం పెట్టండి, ఇది నా మాటగా చెప్పు.

తర్వాత కొలత. పాస్‌బుక్కులో 4 ఎకరాల 10 గుంటలు ఉంది. మోకా మీద, అంటే నేల మీద కొలిస్తే, అంత ఉందా? కానుగ చెట్టు దగ్గర గట్టు ఏటా అంగుళం అంగుళం ఇటే జరిగిందని మీ నాన్న గొణుగుతూనే ఉంటాడు కానీ ఏనాడూ కొలిపించలేదు. 80 లక్షల ధరకు గుంట 2 లక్షలు పడుతుంది మరి. సర్వేయర్‌తో హద్దులు పెట్టించిన తర్వాతే బేరం.

మొత్తం అమ్మడం నాకు ఇష్టం లేదు. రోడ్డు పక్క ఎకరన్నర అమ్మండి, నీ ఇంటి లోను తీరుతుంది, అక్క వాటాకు డబ్బు సర్దొచ్చు. బోరున్న వెనక ముక్క ఉంచండి. కానీ ఒక్క విషయం. రోడ్డు ముక్క పోయాక వెనక్కి ట్రాక్టర్ ఎటు నుంచి పోతుంది? కొన్నవాడు ప్రహరీ కట్టాడంటే మీ నాన్న పక్కోళ్ల గట్టు మీద నడవాలి. 30 అడుగుల బాట మనదేనని దస్తావేజులోనే, నక్షా మీద గీసి మరీ రాయించండి. నోటిమాట వద్దు.

పూర్తి ధరే కాగితం మీద వేయండి. తక్కువ వేద్దామని బ్రోకర్ అంటాడు, అందరూ అట్లాగే చేశారు. రేపు రోడ్డుకు భూమి పోతే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కట్టేటప్పుడు చుట్టుపక్కల మూడేళ్ల రిజిస్ట్రేషన్ ధరలు కూడా చూస్తారు. ఊరంతా తక్కువ రాయించుకుని తర్వాత ధర్నా చేస్తే ఏం లాభం?

పన్ను సంగతి ఆడిటర్‌ను అడుగు. చౌటుప్పల్ లాంటి చిన్న మున్సిపాలిటీ హద్దుకు రెండు కిలోమీటర్ల లోపల పడితే మూలధన లాభం మీద పన్ను ఉంటుంది. రెండేళ్లలో మళ్లీ సాగుభూమి కొంటే మినహాయింపు అడగొచ్చు. భువనగిరి అవతల చవకగా ఏమైనా దొరుకుతుందేమో నేనూ చూస్తున్నా.

మీ నాన్న నీతో అనలేదు కానీ నాతో అన్నాడు, పొలం పోయాక ఉప్పల్ ఫ్లాట్‌లో పొద్దున ఐదింటికి లేచి నేనేం చేయాలి, అన్నా? అని. సర్వేకు దరఖాస్తు నేను పెడతా. దసరాకు వచ్చేటప్పుడు అక్కను, బావను కూడా తీసుకురా. అప్పటిదాకా బయానా ముట్టుకోకండి.

ఇట్లు,
మీ పెదనాన్న