బోర్డ్ పాసయ్యాక కూడా ఈ ప్రశ్నలేంటన్నా?

మొన్న వైజాగ్ వచ్చినప్పుడు బీచ్ రోడ్డులో మూరీ మిక్చర్ తింటుంటే, కిందటేడే అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) ముగించి బోర్డ్ (స్పెషలిస్టు సర్టిఫికెట్ పరీక్ష) కూడా పాసైన మా ఆంధ్రా మెడికల్ కాలేజీ జూనియర్ ఒకడు అడిగాడు, "అన్నా, ఇక ఎమ్‌కెసాప్ ప్రశ్నల బ్యాంకు దేనికి, డబ్బు దండగ కాదా?" అని.

తమ్ముడూ, ముందు రెండు ఖాతాలు కలిపేయకు. లైసెన్స్ కోసం సీఎంఈ (డాక్టరయ్యాక కూడా చదువు కొనసాగించే) గంటలు అడిగేది రాష్ట్రం. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 50, మిషిగన్‌లో మూడేళ్లకు 150. బోర్డ్ వాళ్ల లెక్క వేరు: ఐదేళ్లకు 100 పాయింట్లు, దాంతోపాటు పదేళ్లకోసారి పరీక్ష గానీ, 2022లో వచ్చిన ఎల్‌కేఏ (పరీక్షకు బదులు విడతలవారీగా ఆన్‌లైన్‌లో ప్రశ్నలు చేసే పద్ధతి) గానీ. ఎమ్‌కెసాప్ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లది, దాని ప్రశ్నలు చేస్తే రెండు ఖాతాల్లోనూ జమ అవుతుంది. కానీ నేను చేయమనేది అందుకు కాదు.

వైజాగ్ కేజీహెచ్ ఆసుపత్రి వార్డుల్లో ఏజెన్సీ నుంచి వచ్చిన ఫాల్సిపేరం మలేరియా, స్క్రబ్ టైఫస్, టీబీ చూసి చూసి ఉన్నాం కదా, మొదటిసారి ఇన్‌ఫెక్షన్ల సెక్షన్ చేసి చంకలు గుద్దుకున్నాను. తర్వాత జనరల్ మెడిసిన్ తెరిస్తే పరువు పోయింది. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ వయసు 2021లోనే 50 నుంచి 45కి దించారు, నేనింకా 50 అనే పెడుతున్నాను. అంతకంటే సిగ్గుచేటు ఏంటంటే, క్లినిక్‌లో 46 ఏళ్లవాళ్లకు "ఇంకా టైముంది" అని చెప్పి పంపేస్తున్నాను! పొగతాగిన మగవాళ్లకు 65 నుంచి 75 మధ్య ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ చేసి అయోర్టా చూడాలన్నది కూడా మనకెవరూ ఇక్కడ నూరిపోయలేదు.

అందుకే స్టెప్పుల (అమెరికా లైసెన్స్ పరీక్షల) కోసం యూవరల్డ్ ప్రశ్నలు చేసినట్టు పర్సెంటేజీ వెంట పడకు. జవాబు నొక్కాకే వివరణ చూడు. వివరణ ముందే చదివేసి "ఇది నాకు తెలిసిందేగా" అనుకోవడం మన జబ్బు. తప్పయితే తెలియక తప్పా, తొందరలో తప్పా, పాత గైడ్‌లైన్ పట్టుకుని తప్పా అని ఒక్క ముక్క రాసుకో. నా నోట్‌బుక్ నిండా మూడో రకమే.

ఎల్‌కేఏ మూడు నెలలకు 30 ప్రశ్నలు, ఐదేళ్లు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. అప్‌టుడేట్ లాంటి వైద్య సమాచార వెబ్‌సైటు తెరుచుకుని చూడొచ్చు, మనిషిని మాత్రం అడగకూడదు. స్క్రీన్‌షాట్ తీసి మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే మహానుభావులున్నారు, ఆ పని చచ్చినా చేయకు, సర్టిఫికెట్‌కే ఎసరు. ఇంకోటి, సెలవుల్లో వైజాగ్ వచ్చి గడువు చివరి రోజు కూర్చోకు. నేను కూర్చున్నాను. ప్రశ్న తెరిచానో లేదో అమ్మ "పప్పుచారు చల్లారిపోతోందిరా" అని మూడుసార్లు పిలిచింది, వెళ్లి సర్దిచెప్పి వచ్చేసరికి టైం అయిపోయింది. ఏడాదికి 30 నిమిషాలు అదనంగా వాడుకోవచ్చు గానీ, నేను అప్పటికే వాటిని హారతి కర్పూరం చేసేశాను.

డబ్బు సంగతా? కొనేముందు నీ ఉద్యోగం కాంట్రాక్టులో సీఎంఈ అలవెన్స్ ఎంతుందో చూడు. ఉంటే రసీదు దాచుకుని క్లెయిమ్ చేసుకో, చాలామంది మనవాళ్లు మొహమాటపడి అడగనే అడగరు.