నాన్న బక్కపల్చటి మనిషి, మరి నాకెందుకీ బరువు గొడవ?

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 44 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమస్తాను. నాలుగేళ్ల కింద రక్తదానం చేయబోతే హెపటైటిస్-బి ఉందని బయటపడింది. రోజూ టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నా, రక్తంలో వైరస్ కనబడట్లేదు. ఫైబ్రోస్కాన్‌లో లివర్ గట్టిపడలేదు గానీ కొవ్వు ఉందన్నారు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 92 కిలోలు. తగ్గకపోతే క్యాన్సర్ ముప్పు అంటున్నారు. మా నాన్న సన్నగా ఉండేవాడు, అయినా లివర్ క్యాన్సర్‌తోనే పోయాడు. లావుకూ దీనికీ సంబంధమేంటి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నల్లగొండలో నా ఓపీకి వచ్చేవాళ్లు కూడా ఇదే అడుగుతారు. మీ నాన్నగారికీ ఇదే వైరస్ ఉండి ఉండొచ్చు. హెపటైటిస్-బి ఒక్కటే చాలు, మనిషి లావెక్కక్కర్లేదు, లివర్ గట్టిపడకముందే క్యాన్సర్ రావచ్చు. పైగా జబ్బు ముదిరాక ఎవరైనా చిక్కిపోతారు. చివరి రోజుల రూపం చూసి లెక్క వేయకండి.

లావు రెండో దారి. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది, కొవ్వు లివర్‌లోనూ చేరుతుంది. అక్కడ వాపు వచ్చి కణాలు చస్తూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. అలా మళ్లీ మళ్లీ పుట్టడంలోనే తప్పులు దొర్లుతాయి. ఊబకాయం ఉన్నవాళ్లలో లివర్ క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకు దాదాపు రెట్టింపు. షుగర్ తోడైతే ఇంకా పెరుగుతుంది. మీ మాత్ర వైరస్‌ను అణిచి ముప్పును తగ్గిస్తుంది, సున్నా మాత్రం చేయదు. కొవ్వు జోలికి అసలే పోదు.

మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 32 దాటింది. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం. నేను బరువు మిషన్ పక్కన టైలర్ టేపు కూడా పెట్టుకుంటా. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పకండి, అందరూ పొట్ట కిందకు జార్చే కడతారు!

ఇప్పుడున్న బరువులో ఏడు నుంచి పది శాతం, అంటే ఆరున్నర నుంచి తొమ్మిది కిలోలు తగ్గితే లివర్‌లో కొవ్వూ వాపూ బాగా దిగుతాయి. ఏడాది పట్టినా ఫర్వాలేదు. బియ్యం మధ్యనే బతికే మనిషిని అన్నం మానేయమనను. రాత్రి పూట జొన్న రొట్టె, పప్పు తినండి, మిల్లు గేటు దగ్గర తాగే చక్కెర టీలు తగ్గించండి, రోజూ అరగంట గట్టిగా నడవండి. ఉపవాసాలతో ఒక్కసారిగా చిక్కిపోవద్దు. పసిరికల మందనో, లావు తగ్గే మందనో ఎవరైనా పసరు పోస్తే తాగకండి. అలా లివర్ పాడు చేసుకొని వచ్చినవాళ్లను చూశాను.

మీరు రాయలేదు గానీ ఈ జిల్లా మనిషిని కాబట్టి అడుగుతున్నా, కల్లు సంగతేంటి? చెట్టు నుంచి వచ్చింది మందెలా అవుతుందంటారు మనవాళ్లు. లివర్‌కు ఆ తేడా తెలియదు. లావూ మందూ కలిస్తే నష్టం రెండింతలకు మించుతుంది.

నాన్నగారి చరిత్ర ఉంది కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, దాంతోపాటు లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించుకోండి. బరువు తగ్గినా ఇది మానొద్దు.

ఉత్తరంలో భార్యాపిల్లల మాట లేదు. వాళ్లకు, మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు హెపటైటిస్-బి పరీక్ష చేయించారా? లేనివాళ్లకు మూడు డోసుల టీకా ఉంది. ఈ వారమే ఆ పని చూడండి.