టెక్ సందేహాలు: ‘ఎవ్రీడే’ కలపాలా, విడదీయాలా?

హన్మకొండలో ఫ్లెక్సీల డిజైనర్‌ని. ఓ చీరల షాపుకు ‘ఓపెన్ ఎవ్రీడే’ అని కలిపి కొట్టాను. ఫ్లెక్సీ కట్టాక ఓనర్ కూతురు తప్పని పట్టుకుంది. కంప్యూటర్ ఎర్రగీత పెట్టనేలేదు. ఇందులో తప్పేముంది?

అమ్మాయి చెప్పిందే కరెక్టు. అలాగని కంప్యూటర్‌నూ తిట్టలేం. డిక్షనరీలో లేని మాట కనిపిస్తేనే అది ఎర్రగీత పెడుతుంది. ‘ఎవ్రీడే’ కలిపి రాసినా మాటే, విడదీసి రాసినా మాటే.

విడదీస్తే మన ‘రోజూ’, ఇంట్లో అనేట్టు ‘దినాం’. కలిపితే ‘రోజువారీ’. షాపు రోజువారీ తెరిచి ఉంటుంది అని ఎవరైనా అంటారా? రోజువారీ చీరలు అంటే మాత్రం సరిగ్గా ఉంటుంది. అదే ఫ్లెక్సీలో కింద ‘ఎవ్రీడే వేర్’ అని కూడా కొట్టి ఉంటే దాన్ని ముట్టుకోకండి, అక్కడ కలిపే రాయాలి. కంగారులో కంట్రోల్ హెచ్ నొక్కి ‘రీప్లేస్ ఆల్’ ఇచ్చారంటే ఒప్పు కాస్తా తప్పవుతుంది. అనుమానమొస్తే మధ్యలో ‘సింగిల్’ పెట్టి చదవండి. ‘ఓపెన్ ఎవ్రీ సింగిల్ డే’ కుదిరింది, కాబట్టి విడదీయాలి. ‘ఎవ్రీ సింగిల్ డే వేర్’ వినడానికే బాగోదు.

‘సమ్‌టైమ్’ ఇంకా కొంటెది. విడదీస్తే కొంత సమయం, కలిపితే ఎప్పుడో ఒకప్పుడు, కలిపి చివర ఎస్ చేరిస్తే అప్పుడప్పుడు. తెలుగులో మూడూ వేర్వేరు మాటలే కాబట్టి ముందు తెలుగులో అనుకుని తర్వాత టైప్ చేయండి.

మీ పనిలో ఇంకో గొయ్యి ఉంది. ఫ్లెక్సీలన్నీ పెద్దక్షరాల్లోనే కొడతారు కదా. పూర్తిగా పెద్దక్షరాల్లో ఉన్న మాటల స్పెల్లింగ్‌ను వర్డ్ మామూలుగా చూడనే చూడదు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి ‘ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్’ దగ్గర టిక్ తీసేయండి. మ్యాటర్‌ను ముందు అందులో పేస్ట్ చేసి, ఎఫ్7 నొక్కి చూసుకున్నాకే డిజైన్‌లోకి తీసుకెళ్లండి.

కాజీపేట నుంచి రైలు. టికెట్ మీద 15వ తేదీ, 00:10 అని ఉంది. ఏ రాత్రి పోవాలి? ఫోన్‌లో 12:10కి ఏఎమ్ పెట్టాలా, పీఎమ్మా?

14న రాత్రి భోంచేసి బయల్దేరండి. 15న రాత్రి పోతే మీ రైలు వెళ్లిపోయి దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది. అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుంది. 00:10 అంటే 12:10 ఏఎమ్. ఏఎమ్ అంటే లాటిన్‌లో మధ్యాహ్నానికి ముందు, పీఎమ్ అంటే మధ్యాహ్నం తర్వాత. మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టాల్సిన అలారాన్ని నేను ఏఎమ్‌లో పెట్టి ఓసారి ఇల్లంతా లేపాను. అప్పట్నుంచీ నా ఫోన్‌లో 24 గంటల గడియారమే. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో ‘డేట్ అండ్ టైమ్’ అని వెతికితే ఆ స్విచ్ దొరుకుతుంది. అలారం మాత్రం రైలు టైముకు కాదు, 14న 22:00కి పెట్టుకోండి.

‘టుమారో’లో ఎప్పుడో రెండు ఎమ్‌లు కొట్టాను. ఇప్పుడు ఫోన్ కీబోర్డు అదే చూపిస్తోంది. (జనగామ)

మీ తప్పును అది నేర్చేసుకుంది! జీబోర్డ్ అయితే ఆ తప్పు మాట పైన కనిపించినప్పుడు దాన్ని నొక్కిపట్టి, చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగి వదలండి. సరైన స్పెల్లింగ్‌లో ఎమ్ ఒకటే, ఆర్‌లు రెండు.