బస్సు చార్జీకీ వడ్డీ కడుతున్నారు

ప్రశ్న: ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఏడాదిగా మెట్రోలో, బస్సుల్లో క్రెడిట్ కార్డే ట్యాప్ చేస్తున్నాను. ఆరు నెలల కిందట పన్ను నొప్పి భరించలేక రూట్ కెనాల్ చేయించుకుని, ఆ డబ్బూ అదే కార్డు మీద కట్టాను. అప్పటి నుంచి నెలనెలా మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కట్టగలుగుతున్నాను. మొన్న మెట్రో గేటు నా కార్డు తీసుకోలేదు. ప్రయాణాలకు క్యాష్‌బ్యాక్ ఎక్కువిచ్చే మరో కార్డు తీసుకుని, పాత బాకీని లోన్ యాప్‌లో అప్పు తెచ్చి తీర్చేద్దామనుకుంటున్నాను. దరఖాస్తు సగం నింపాను. ఏ కార్డు మంచిది? స్టేట్‌మెంట్ జత చేస్తున్నాను.

జవాబు: ముందు ఆ దరఖాస్తు అక్కడే ఆపేయండి. కార్డు సంగతి తర్వాత.

మీ స్టేట్‌మెంట్ లైను లైనూ చదివాను. రోజుకొకటి చొప్పున 22 పనిదినాలకు 22 ఉండాల్సిన ప్రయాణాల లైన్లు 23 ఉన్నాయి. ఒకటి ఎక్కువెందుకు వచ్చిందా అని చూస్తే, ఆ రోజు లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్, బయటికొచ్చేటప్పుడు కార్డు పెట్టినట్టున్నారు. ఫోన్‌లో ఉన్నది అదే కార్డైనా గేటుకు అవి రెండు వేర్వేరు కార్డులే. అందుకే రెండు సగం ప్రయాణాలుగా లెక్కేసి, రెండింటికీ గరిష్ఠ చార్జీ వేసింది. ఇలాంటిది కనబడగానే రవాణా సంస్థకు రాస్తే చాలాసార్లు సరిచేస్తారు. మీరు చూసుకోలేదు. మినిమం డ్యూ కట్టేవాళ్లలో చాలామంది స్టేట్‌మెంట్ తెరవరు. తెరిస్తే టెన్షన్ కదా!

ఇక గేటు దగ్గర జరిగింది. తలుపు అర సెకనులో తెరుచుకోవాలి కాబట్టి ఈ పద్ధతి ఉన్న చాలా నగరాల్లో రీడర్ ప్రతిసారీ బ్యాంకును అడగదు. కార్డు అసలుదేనా, నిరాకరించాల్సిన కార్డుల జాబితాలో ఉందా, ఈ రెండే చూస్తుంది. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు అన్నది రోజంతా కూడబెట్టి, రాత్రికి చార్జీ లెక్కగట్టి అప్పుడు బ్యాంకుకు పంపుతారు. లండన్ మెట్రో రైళ్లలో 2014లో బ్యాంకు కార్డులను అనుమతించినప్పుడు పెట్టిన ఏర్పాటు ఇదే. మీ స్టేట్‌మెంట్‌లోనూ లైన్లు రోజుకొకటి చొప్పునే పడ్డాయి. కాబట్టి మీకు ఎర్ర లైటు పడింది ఆ పూట ప్రయాణానికి కాకపోవచ్చు. లిమిట్ నిండిపోయి, అంతకుముందు తిరిగిన చార్జీని బ్యాంకు తిప్పి పంపి ఉంటుంది. ఆ బాకీ కడితే గానీ కార్డును జాబితాలోంచి తీయరు.

క్యాష్‌బ్యాక్ అడిగారు. పాత బాకీ ఏ కాస్త మిగిలినా చాలా కార్డుల్లో కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు పోతుంది, పద్దు పడిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే ఆరు నెలలుగా మీరు ఆఫీసుకు వెళ్లొచ్చిన ప్రతి చార్జీ మీదా వడ్డీ కడుతున్నారు. నెలకు 2, 3 శాతం వడ్డీ పోతుంటే 1 శాతం వెనక్కి వచ్చిందని సంతోషించడం ఏం లెక్క?

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ పన్ను. ఏడాదిగా ట్యాప్ చేస్తున్నారు, మొదటి ఆరు నెలలూ బిల్లు పూర్తిగానే కట్టారు. ట్యాపింగ్ మిమ్మల్ని ముంచలేదు. ఒక్క పన్ను నొప్పికి సరిపడా డబ్బు పక్కన లేకపోవడం ముంచింది. రెండేళ్లు జీతం అందుకున్నాక అత్యవసర నిధి సున్నా! ఇరవైల్లో ఉన్నవాళ్లు నాకు రాసే ఉత్తరాల్లో పదేపదే కనిపించే తప్పు ఇదే. కార్డు లిమిట్‌నే అత్యవసర నిధి అనుకుంటారు. అది బ్యాంకు సొమ్ము.

కాబట్టి బాకీ తీర్చడం కంటే ముందు, అవును ముందే, పదిహేను రోజుల ఖర్చుకు సరిపడా వేరే ఖాతాలో వేయండి. వడ్డీ నడుస్తుంటే దాచుకోవడమేమిటని కొందరు సలహాదారులు నాతో వాదిస్తారు. వాళ్ల లెక్క కాగితం మీద కరెక్టే. కానీ చేతిలో ఏమీ లేకుండా బాకీకే అంతా పోస్తే, వచ్చే నెల ఫోన్ పగిలినా జ్వరమొచ్చినా మళ్లీ ఆ కార్డే గతి. ఇలా తీర్చడం, మళ్లీ గీకడం ఏళ్ల తరబడి చేసినవాళ్లను చూశాను. ఈ ఖాతాకు కార్డు తీసుకోకండి, ఫోన్‌లో ట్యాప్‌కు కలపకండి. జీతం పడిన రోజే అందులోకి డబ్బు వెళ్లేలా ఆటోమేటిక్‌గా పెట్టండి. పదిహేను రోజుల మొత్తం చేరాక మిగిలేదంతా కార్డు బాకీకి. అది తీరగానే అదే వాయిదాను మళ్లీ నిధికి మళ్లించి ఆరు నెలల ఖర్చు వరకు తీసుకెళ్లండి. రెండు నెలల దగ్గర ఆగిపోకండి, ఉద్యోగం పోతే రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

లోన్ యాప్ మాటే వద్దు. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఆలస్య రుసుము కలిపి చూస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పైగా బాకీ తీరి మళ్లీ గీకడానికి లిమిట్ దొరికిన పాత కార్డు, కొత్త కార్డు, యాప్ అప్పు మూడూ మీ చేతిలో ఉంటాయి. మొత్తం బాకీని తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్చమని మీ బ్యాంకునే అడగండి, చాలు.

ప్రయాణాలకు నెల చార్జీ ఒకేసారి వేసుకునే ప్రీపెయిడ్ ట్రావెల్ కార్డు వాడండి. రోజూ తిరిగే దారే కాబట్టి నెల పాస్ చవక పడుతుందేమో కూడా చూడండి. డెబిట్ కార్డే ట్యాప్ చేస్తానంటే, రాత్రి లెక్క తేలేసరికి ఖాతాలో డబ్బు ఉండాలి. రోజుకు ఇంతకు మించి చార్జీ వేయరన్న పరిమితి ఉన్నచోట రోజంతా ఒకే కార్డు పెడితేనే అది వర్తిస్తుంది. ఆరోగ్య బీమా లేకపోతే తీసుకోండి, అయితే చాలా పాలసీలు మామూలు పంటి చికిత్సకు డబ్బివ్వవు.

ఈ రోజు చేయాల్సినవి రెండు. క్రెడిట్ కార్డును ఫోన్ వాలెట్‌లోంచి తీసేయండి. ఆ రెండు సగం ప్రయాణాల తేదీ రాసి చార్జీ వాపసు అడగండి. వచ్చిన డబ్బు, ఎంత చిన్నదైనా, కొత్త ఖాతాలో మొదటి జమగా వేయండి.