డిఫెన్స్ ఆడే అబ్బాయికి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో చోటుంటుందా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో స్థిరపడ్డాము. మా అబ్బాయి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) పై స్థాయి అయిన డివిజన్-1 జట్టులో మూడో సంవత్సరం ఆడుతున్నాడు. ఎదుటి జట్టులో ప్రధాన స్కోరర్‌ను కట్టడి చేసే బాధ్యత వాడిదే, కానీ సగటు ఐదు పాయింట్లు దాటడం లేదు. పాయింట్లు చేసే అవకాశం ఉన్న మరో కాలేజీకి మార్చమంటారా? తరువాత ఎన్‌బీఏకు దిగువ లీగ్ అయిన జీ లీగ్ మంచిదా, యూరప్ మంచిదా?

జవాబు: మీరు అడిగింది కాలేజీ గురించే అయినా, ఇన్నేళ్ల శ్రమ ఎవరి కంటా పడకుండా పోతుందేమోనన్న దిగులే మీ చేత ఈ ఉత్తరం రాయించింది. ఆ దిగులు అక్కరలేదు. ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో 2019లో ఏ జట్టూ ఎంచుకోని లూ డోర్ట్, ఎన్‌బీఏలోనూ జీ లీగ్‌లోనూ ఆడే టూ-వే ఒప్పందంతో ఓక్లహోమా సిటీ జట్టులో చేరి, 2025లో ఆ జట్టు ఛాంపియన్ అయిన సీజన్‌లోనే ఆ ఏటి ఉత్తమ డిఫెండర్ల జాబితా అయిన ఆల్-డిఫెన్సివ్ మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. అతని సహచరుడు అలెక్స్ కరూసోను కూడా 2016లో ఎవరూ ఎంచుకోలేదు. అతడు జీ లీగ్ మీదుగా పైకి వచ్చినవాడే.

అయితే ఎన్‌బీఏ జట్లు మీ అబ్బాయి సగటు కంటే ముందు, ప్రత్యర్థులు అతన్ని కాపలా లేకుండా వదిలేయగలరా అన్నది చూస్తాయి. 2015 ప్లేఆఫ్స్‌లో మెంఫిస్ ఆటగాడు టోనీ అలెన్‌కు సరిగ్గా అదే జరిగింది. అంతటి డిఫెండర్‌ మీద గోల్డెన్ స్టేట్ జట్టు, బుట్ట దగ్గరే ఉండే తన సెంటర్‌ను పేరుకు మాత్రం నిలిపి, దూరం నుంచి వేస్తే వేసుకోమని వదిలేయడంతో, అతన్ని ఆటలో ఉంచడమే మెంఫిస్‌కు కష్టమైంది. డ్రాఫ్టు కాని బ్రూస్ బోవెన్ మాత్రం కోర్టు మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్‌ను, అంటే కార్నర్ త్రీని నమ్ముకుని, శాన్ ఆంటోనియోతో మూడు టైటిళ్లు గెలిచాడు. ఎన్‌బీఏ త్రీ పాయింట్ గీత నడిమిన బుట్టకు 23 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటే, కార్నర్‌లో 22 అడుగులే.

కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. 2024 నుంచి, చదువులో అర్హత నిలుపుకున్నవారు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు కాబట్టి, మారకపోతే వెనకబడినట్టే అన్న భావన ఇళ్లలో పాతుకుపోయింది. ఈ కోచ్ మీ అబ్బాయిని చివరి నిమిషాల్లో కోర్టులో ఉంచుతున్నాడంటే అది నమ్మకం; కొత్తచోట దానిని మొదటి నుంచి సంపాదించుకోవాలి. పైగా బలహీనమైన కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలో) చేసిన పదిహేను పాయింట్లకు స్కౌట్లు మోసపోరు, క్రెడిట్లన్నీ కొత్త కాలేజీకి బదిలీ అవుతాయన్న హామీ కూడా లేదు.

నొచ్చుకున్నా ఒక మాట చెప్పాలి. మీ ఉత్తరంలో పాయింట్ల సగటు ఉంది గాని, కార్నర్ త్రీ ఎంత శాతం పడుతోందో, అబ్బాయి ఏ మేజర్ చదువుతున్నాడో లేదు. తండ్రే స్కోరు తప్ప అడగకపోతే, ఆ పిల్లవాడు తన అసలు బలాన్ని లోపంగా చూసుకోవడం మొదలుపెడతాడు.

ఇక మీరడిగిన పోలిక. జీ లీగ్‌లో జీతం తక్కువే అయినా ఎన్‌బీఏ కోచ్‌ల కళ్లెదుట ఉంటాడు. యూరప్‌లో చాలా లీగ్‌లు విదేశీ ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి పెడతాయి. ఆ కొద్ది చోట్లను క్లబ్బులు ఎక్కువగా స్కోరర్లకే ఇస్తాయి కనుక, ఇతనికి మొదటి మెట్టు జీ లీగే. యూరప్ నుంచి ఒప్పందం వస్తే, జీతం ఆగినప్పుడు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఏర్పాటు చేసిన బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు కల్పించే నిబంధన అందులో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి.